కార్తీకపున్నమి నాటి పాలు

దశరథం చేతికి ఏ గుడ్డ ఇచ్చినా ముందు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. పెళ్లిపీటల మీద అత్తగారింటి వాళ్లు పెట్టిన పంచెను కూడా అలాగే విప్పి చూశాడనీ, అంచు దగ్గర మూడు పోగులు తెగి ఉన్నాయని అందరి ముందూ చెప్పాడనీ నర్సక్కపేటలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ మాటకు మామగారు మొహం మాడ్చుకున్నాడు. పెళ్లికూతురు మాత్రం తల వంచుకునే కిసుక్కున నవ్వింది. ఆ పెళ్లికూతురే చంద్రవ్వ.

నర్సక్కపేట కరీంనగర్‌కు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మరమగ్గాల ఊరు. అక్కడి సహకార సంఘంలో దశరథం ముప్పై రెండేళ్లు గుడ్డ తనిఖీ చేశాడు. నేతగాళ్లు తెచ్చిన తాన్లను, కింద లైటు వెలిగే గాజుబల్ల మీద పరిచి, గజం గజం లాగి చూడటం అతని పని. తెగిన పోగు, అడ్డంలో తప్పిన పేకపోగు, నూనె మరక, ఏది కనబడినా సుద్దముక్కతో గుండ్రంగా గీసి పక్కన పడేసేవాడు. ఆ గుడ్డ తాను వెనక్కి వస్తే నేతగాడి కూలిలో కోత పడుతుంది. అందుకే ఊళ్లో సగం మందికి అతనంటే గిట్టదు. 'అనుమానాల దశరథం' అని పేరు పెట్టారు. ఆ పేరుకు అతను నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. "నమ్ము. కాని వెలుతురుకు పట్టి నమ్ము" అనేవాడు.

బల్ల మీది అలవాటు బల్ల దగ్గరే ఆగితే బాగుండేది. అది ఇంటికీ వచ్చింది. పాలవాడి నీళ్లు, పండ్ల బండి తూకం, పేపర్లో వాన కబురు, అన్నిటి మీదా అతనికి అనుమానమే. అల్లుడికి జ్వరమని కూతురు ఫోన్ చేస్తే, "ఇయ్యాల్ల కొత్త సినిమా ఏదన్న వచ్చిందా?" అని అడిగిన మనిషి. దేవుడి విషయంలో మాత్రం అలా కాదు. వేములవాడలో కోడె కట్టి మొక్కు తీర్చుకున్నాడు, ఏటా కొండగట్టు అంజన్న దగ్గరికి పోయి వస్తాడు. "దేవుని మీద నాకు అనుమానం లేదు. నడుమ నిలబడ్డోళ్ల మీదనే" అంటాడు.

అతను అనుమానించని మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే. చంద్రవ్వ అబద్ధం ఆడదు. ఆడటం చేతకాక కాదు, ఆమెకు అది అవసరం పడదు. అనుకున్నది అనేస్తుంది, ఇష్టం లేనిది చెయ్యదు, అంతే.

ఆ చంద్రవ్వకు యాభై నాలుగో ఏట చక్కెర జబ్బు ముదిరి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు, కరీంనగర్ పోయి మిషన్ మీద నాలుగేసి గంటలు రక్తం శుద్ధి చేయించుకోవాలి. తెల్లవారుజామున ఐదు గంటల బస్సు, తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం. సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో నరాలు కలిపే చిన్న ఆపరేషన్ ఒకటి ఉంటుంది. డాక్టర్ దానికి ఇచ్చిన తేదీ అమావాస్య నాడు పడింది. చంద్రవ్వ పోనంటే పోనంది. దశరథం తిట్టాడు, అరిచాడు, చివరికి దండం పెట్టాడు. ఆమె కదలలేదు. ఇంకో తేదీ దొరకడానికి పదమూడు రోజులు పట్టింది. ఆలోగా రక్తం తీయడానికి తాత్కాలికంగా మెడ దగ్గర పెట్టిన గొట్టానికి చీము పట్టి, చలిజ్వరంతో మంచమంతా వణికిపోయింది. అంత జ్వరంలోనూ తన ఒంటిని చూపించుకుని ఆమె అన్నది ఒకటే మాట.

"నా పెయ్యి. నా దినం. నీకేందయ్యా?"

ఆ జ్వరం తగ్గిన ఏడాదికి నర్సక్కపేట సర్కారు దవాఖాన ఆవరణలో ఐదు పడకల డయాలసిస్ కేంద్రం కడుతున్నారని తెలిసింది. పునాది తవ్విన రోజు నుంచీ దశరథం అక్కడే ఉన్నాడు. ఇటుకలు తట్టి చూశాడు, సిమెంటు బస్తాల మీద తేదీలు చదివాడు, మేస్త్రీల ప్రాణం తీశాడు. ఈ పోరు పడలేక కాంట్రాక్టర్ అతన్నే వాచ్‌మెన్‌గా పెట్టుకున్నాడు. దసరా దాటాక గోడ పక్కన చిన్న గది ఇచ్చి తాళంచెవులు చేతిలో పెట్టాడు. దశరథం అదే రోజు ఇంటి గడప నుంచి కేంద్రం గడప దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఆరువందల పది అడుగులు. ఇంటికొచ్చి భార్యతో అన్నాడు.

"చంద్రీ, ఇగ బస్సు లేదు. చెప్పులేసుకొని పోవుడు, చెప్పులేసుకొని వచ్చుడు."

కార్తీకంలో మిషన్లు వచ్చాయి. వాటిని నడిపే టెక్నీషియన్ వచ్చింది. మమతారాణి అని నస్పూర్ అమ్మాయి, బొగ్గుగని కార్మికుడి బిడ్డ. నెలాఖరుకు ఎమ్మెల్యే వంశీధర్‌రావు వచ్చి ప్రారంభిస్తాడని చెప్పారు. ఆ వారం నీళ్ల ప్లాంటులో ఏదో భాగం రాక ఆలస్యమైంది. భాగం వచ్చి బిగించేసరికి శుక్రమూఢం వచ్చింది. శుక్రుడు సూర్యుడి చాటుకు పోయే ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, మంచిపని ఏదీ మొదలుపెట్టరు. ఈసారి మూఢం చిన్నది కాదు, మాఘం దాకా ఉంది. ఎనభై రోజుల పైమాటే. మూఢంలో ఎమ్మెల్యే సారు ఏదీ తెరవరని, ఆయన నియమమని కబురొచ్చింది.

దశరథం ఆ కబురును వెలుతురుకు పట్టాడు. ఎటు తిప్పి చూసినా నిండా చిల్లులే కనిపించాయి.

వంశీధర్‌రావు భక్తుడన్నది ఊరందరికీ తెలుసు. మంగళవారం మంగళవారం కొండగట్టు పోతాడు, నుదుట సింధూరం లేకుండా బయట కనబడడు. అయినా మూఢంలో ఆయన కారు ఆగిందా? మీటింగులు ఆగాయా? ఇదేదో వేరే లెక్క అనుకున్నాడు దశరథం. హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లెవరో రావాలి, వాళ్ల తీరిక కోసం మూఢం పేరు చెప్తున్నారు. లేదంటే కాంట్రాక్టర్ దగ్గర ఎవరికో ఏదో ముట్టలేదు. లేదంటే ఎన్నికల దాకా ఆపుతున్నారు. ఇన్ని అనుమానాలుంటే ఒక్కటైనా నిజం కాకపోతుందా అని అతని ధీమా.

వెతకడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం లోపల గడియ పెట్టిన హాల్లోంచి మిషన్ల చప్పుడు వినబడింది. దొరికారు దొంగలు అనుకున్నాడు. పెద్దవాళ్ల చుట్టాలకు చాటుగా డయాలసిస్ చేస్తున్నారన్నమాట! చెప్పులు చేతబట్టుకుని వెనక కిటికీ దగ్గరికి పోయి తొంగి చూశాడు. ఐదు మిషన్లూ తిరుగుతున్నాయి. ఐదు పడకలూ ఖాళీ. నడుమ కుర్చీలో మమతారాణి స్వెటర్ అల్లుకుంటోంది.

"ఏంది కాకా, గట్ల దొంగోని తీరుగ?" అంది తలెత్తి.

"మిషిన్లు ఎందుకు నడుస్తున్నయ్?"

"నీళ్లు పైపులల్ల నిలువుంటే ఖరాబైతయ్. రోజు గింతసేపు తిప్పాలె. ఖాళీ మంచాలకు డూటీ చేస్తున్న కాకా, నా నసీబు."

దశరథం చెప్పులు వేసుకున్నాడు. దొంగతనం దొరికి ఉంటే అతనికి ఇంత బాధ అయ్యేది కాదు. అక్కడ మిషన్లు రోజూ ఊరికే తిరుగుతున్నాయి, ఇక్కడ చంద్రవ్వ వారానికి మూడుసార్లు చలిలో బస్సెక్కుతోంది.

మరోసారి గేటు పక్కన గుడ్డ కప్పి ఉంచిన శిలాఫలకం దగ్గరికి పోయాడు. ముందు ఆ గుడ్డనే వెలుతురుకు పట్టాడు. నాసిరకం. దాన్ని పైకెత్తి రాయి చదివాడు. మంత్రిగారి పేరు, ఎమ్మెల్యే పేరు, వరసగా అధికారుల పేర్లు, అన్నీ చెక్కి ఉన్నాయి. తేదీ ఉండాల్సిన చోట మాత్రం నున్నగా ఖాళీ. ఆ ఖాళీ చూశాక అతని అనుమానం రెండింతలైంది. మూఢం ఎప్పుడు పోతుందో పంచాంగంలోనే ఉంది కదా, మరి తేదీ ఎందుకు చెక్కలేదు? ఈ ప్రశ్న ఊళ్లో నలుగురినీ అడిగాడు. నలుగురూ అతని మాటే తిరిగి అతనికి చెప్పారు, కాస్త కారం కలిపి. నర్సక్కపేటలో పుకారుకు మగ్గంతో పనిలేదు, గాల్లోనే నేస్తారు.

కరీంనగర్ బస్సులో వాళ్లకు తోడుగా రామచంద్రం అని ఒకాయన వచ్చేవాడు. పడుగులు తోడే మిషన్ మీద పనిచేసి మానేసినవాడు, నలభై ఎనిమిదేళ్లు, ఇద్దరు కొడుకులు. చంద్రవ్వకు ఎప్పుడూ కిటికీ పక్క సీటు ఆపి ఉంచేవాడు. సంక్రాంతి ముందు వారం ఒక బుధవారం అతను రాలేదు. శుక్రవారమూ రాలేదు. దశరథం ఫోన్ చేస్తే, "పెయ్యి గుంజుతున్నదే బావా, చలికి లేవబుద్ధి అయితలేదు. నెలైతే మనూర్లనే ఆయె గద. ఒకటి రెండు తప్పితె ఏమైతది?" అన్నాడు. ఏమీ కాదులే అనిపించేలా నవ్వాడు కూడా. ఆదివారం పొద్దున ఊపిరి అందలేదు. అంబులెన్స్ సగం దారిలో ఉండగానే ప్రాణం పోయింది.

సోమవారం బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. చంద్రవ్వ అందులో కూర్చోలేదు. అటు పక్కన కూర్చుని కరీంనగర్ దాకా ఆ ఖాళీ సీటు మీద చెయ్యి పెట్టుకునే ఉంది. ఆ నెలలో ఆమె మూడు కిలోలు తగ్గింది. బస్సు మెట్టు ఎక్కాలంటే రెండుసార్లు ఆగుతోంది. మాఘం దాకా ఈమె ఆగుతుందా అన్న ప్రశ్న దశరథాన్ని మొదటిసారి పట్టుకుంది. అది అనుమానం కాదు. భయం.

గురువారం ఉదయం అతను ఎమ్మెల్యే ఇంటికి పోయాడు. ముందు గదిలో పది మంది అర్జీలు పట్టుకుని ఉన్నారు. వంశీధర్‌రావు సోఫాలో, పక్కన కుర్చీలో ఆయన ముహూర్తాలు చూసే అయ్యగారు.

"రా దశరథం. సెంటర్ మంచిగున్నదా? దొంగలు గిట్ల వస్తలేరు గద?"

"దొంగలు వస్తలేరు సారు. పేషెంట్లు గూడ వస్తలేరు."

ఒకరిద్దరు నవ్వబోయి ఎమ్మెల్యే మొహం చూసి ఆగిపోయారు.

"రామచంద్రం సచ్చిపోయిండు సారు."

"తెలుసు. ఇంటికి పోయొచ్చిన. పెద్దపిల్లగానికి ఏదన్న కొలువు చూడాలె."

"సారు, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు. ఊర్లె మూఢం ఉత్తదే అంటున్నరు. పెద్దలెవరో రావాలెనని ఒకలు, ముట్టేది ముట్టలేదని ఒకలు..."

"నువ్వేమంటున్నవ్?"

"నేను గూడ గదే అంటున్న సారు."

వంశీధర్‌రావు అర్జీల వాళ్లను కాసేపు బయట కూర్చోమన్నాడు. అరుస్తాడని దశరథం సిద్ధపడ్డాడు. ఆయన అరవలేదు.

"మా బాపు మూఢంల రైస్‌మిల్లు షురూ చేసిండు దశరథం. అందరు వద్దన్నరు. బియ్యానికి మూఢమేందిర అన్నడు. పదిహేను దినాలకు బాయిలర్ పగిలింది. ఇద్దరు హమాలీలు. నేనప్పుడు పదో తరగతి. ఉడికిన పెయ్యిల మీద గుడ్డ కప్పింది నేనే. ఇప్పటికీ కండ్లు మూస్తే కనవడ్తరు."

దశరథం ఆ మాటను తన అలవాటు కొద్దీ అంతా పరిచి చూశాడు. కన్ను చూశాడు, గొంతు విన్నాడు, చేతులు గమనించాడు. "బాయిలర్ పాతదేమో సారు" అన్నాడు.

"పాతదే. సెకండ్‌హ్యాండ్‌ల కొన్నడు. గది నాకు తెల్వదనుకున్నవా? తెలుసు. తెలిసినా గుండె ఒప్పది. ఆ ఐదు మంచాల మీద మూఢంల ఎవలన్న పోతే నేను బతుకుత అనుకుంటున్నవా?"

ఆ మాటల్లో ఒక్క పోగు కూడా తెగి లేదు. ఇన్నాళ్లూ దశరథం వెతికింది దొంగ కోసం. దొంగ అయితే పట్టుకోవచ్చు, పేపరుకు ఎక్కించవచ్చు, నలుగురిలో నిలదీయవచ్చు. ఈయన దొంగ కాదు. నిజంగా నమ్ముతున్నాడు. నిజంగా నమ్మే మనిషి దగ్గరికి వచ్చి ఏమని అడగాలో అతనికి తెలియదు. ఎమ్మెల్యే మీద అతనికి ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఆ జాలి వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మీ ఇంట్ల చూసుకోరా మూఢం?" అన్నాడు వంశీధర్‌రావు.

"చూసుకుంటం సారు. అమాస అని నా పెండ్లాం ఆపరేషన్ ఆపుకున్నది. జ్వరమొచ్చి ఆమెనే పడుకున్నది, ఆమెనే లేచింది. మీరు ఆగితె రామచంద్రం పోయిండు. నీకు గీ మూఢం సమ్మతమేనా అని ఆయనను ఎవలన్న అడిగిండ్రా సారు?"

వంశీధర్‌రావు నుదుటి మీద సింధూరం చెమటకు కాస్త జారింది. దాన్ని వేలితో సర్దుకుని, "నాకు సమ్మతం కానిది నా చేత్తోని ఎట్ల చేస్త?" అన్నాడు. అది కూడా నిజమే చెబుతున్నాడు.

అప్పుడు దశరథం నోట ఆ మాట వచ్చింది. దాన్ని అతను ముందుగా అనుకుని పోలేదు. ముప్పై రెండేళ్లు ఎదుటివాడి నేతలో తప్పు పట్టినవాడు, ఆ క్షణాన తనే ఒక తాను నేశాడు.

"సారు, పాలు పొంగిచ్చినం."

"ఏం పాలు?"

"సెంటర్ల. మూఢం రాకముందే. నాకు గది ఇచ్చిండ్రు గద, ఉత్తగ ఎట్ల ఉంటమని నేను, మా ఆమె కలిసి పొయ్యి పెట్టి పాలు పొంగిచ్చినం. మిషిన్లున్న హాల్లనే. కార్తీకపున్నమి నాడు."

మూఢం వస్తుందనగా ముందే పాలు పొంగించి పెట్టుకుని, తర్వాత తీరిగ్గా ఇంట్లో దిగేవాళ్లు ఆ వైపు ఎందరో ఉన్నారు. పాలు పొంగితే ప్రవేశం అయినట్టే లెక్క. వంశీధర్‌రావు గబుక్కున అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు కళ్లజోడు తీసి కండువాతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, దశరథం మొహంలోకి చూశాడు. ఆ చూపు దశరథానికి బాగా తెలిసిన చూపు. గాజుబల్ల మీద తాను పరిచి తను చూసే చూపది. సుద్దముక్క ఎక్కడ పడుతుందోనని చూస్తూ నిలబడ్డాడు.

"పూర్ణిమ. మంచి రోజు. పాలు పొంగాయంటే ప్రవేశం జరిగినట్టే. ఇక మిగిలింది వైద్యం. రోగికి చేసే సేవకు మూఢం అడ్డు రాదు" అన్నాడు అయ్యగారు.

వంశీధర్‌రావు రెండు చేతులూ ఎత్తి కొండగట్టు దిక్కుకు దండం పెట్టాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలేదయ్యా! రెండు నెలల సంది నాకు నిద్ర లేదు" అన్నాడు. వెంటనే ఫోన్ తీసి అటు అధికారులకూ ఇటు కాంట్రాక్టర్‌కూ చెప్పాడు. సోమవారం నుంచి మొదలుపెట్టమన్నాడు. తను రాను, మూఢం పోయాక వస్తానన్నాడు. రాయి మీద తేదీ కార్తీకపున్నమిదే చెక్కమన్నాడు.

దశరథం బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాడు. ఆయన నమ్మాడా, నమ్మడానికి ఒక సాకు దొరికిందని సంతోషపడ్డాడా? అయ్యగారికి తెలిసిందా, తెలిసీ ఊరుకున్నాడా? అంతకుముందే రోగి సేవకు మూఢం లేదని ఆయన ఎమ్మెల్యేకు చెప్పాడా, చెబితే ఈయన విన్లేదా? ఇంటిదాకా ఈ ప్రశ్నలతోనే నడిచాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారే ఇచ్చాడు. అదే అతన్ని ఎక్కువ అనుమానంలో పడేసింది.

అనుమానం సంగతి ఎలా ఉన్నా, కేంద్రం మాత్రం తెరుచుకుంటోంది. మూడు రోజుల్లో రాయి చెక్కేవాడు వచ్చి ఖాళీలో తేదీ నింపిపోయాడు. మమతారాణి తలుపుకు బంతిపూల దండ కట్టింది. మొదటి విడతకు ఐదు పేర్లు రాసింది. ఒకటో మంచం ఎదురుగా చంద్రవ్వ పేరు రాసి, "చూడు కాకా" అని కాగితం చూపించింది. దశరథం ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టలేదు. మడిచి జేబులో పెట్టుకుని ఆరువందల పది అడుగులూ దాదాపు పరుగెత్తాడు.

ఆదివారం సాయంత్రం. చంద్రవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. సూదుల చేతికి బరువు పడకుండా రెండో చేత్తోనే తుంచుతోంది. సంగతి విని ఆమె మొహం వెలిగింది. అంత వెలుగు అతను ఏడాదిగా చూడలేదు.

"రేపే తెరుస్తరా? మరి మూఢమాయె గద?"

దశరథం నవ్వుతూ అంతా చెప్పాడు. ఎమ్మెల్యే బాపు రైస్‌మిల్లు, బాయిలర్, అయ్యగారి చూపు, తన మాట. చెప్తున్న కొద్దీ ఆమె చేయి నెమ్మదించింది. పాలు అన్న దగ్గర ఆగిపోయింది.

"కార్తీకపున్నమి నాడా?"

"ఔ."

"కార్తీకపున్నమి బుధారం వచ్చింది. గా దినం మనం కరీంనగర్ల ఉన్నం. సూది దిగక రెండుసార్లు గుచ్చిండ్రు. వచ్చేటప్పుడు బస్సుల కెల్లి గుళ్లె దీపాలు చూసి దండం పెట్టుకున్న. పొద్దుగూకినంక ఇల్లు చేరినం. పాలు యాడ పొంగిచ్చినమయ్యా?"

దశరథం నేసిన తానులో బెత్తెడంత చిరుగు. ఎమ్మెల్యే పట్టలేదు, అయ్యగారు పట్టలేదో పట్టీ వదిలేశాడో తెలియదు. చంద్రవ్వ గడపలో కూర్చుని చేతిలో చిక్కుడుకాయతోనే పట్టేసింది.

"పొంగియ్యలేదు. అయితె ఏంది? తెరిచిండ్రా లేదా?"

"తెరిచిండ్రు. మంచి పనే చేసినవ్. గా నలుగురు బతుకుతరు."

"మరి?"

"నేను రాను."

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం తన్నుకొచ్చింది. అరిచాడు. రామచంద్రం పేరు ఎత్తాడు. నీకేమన్నా అయితే నేనేం కావాలని అడిగాడు. చంద్రవ్వ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, అతని చేయి పట్టుకుని కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"వాళ్లకు తెల్వది, వాళ్లకు దోషం తాకది. నాకు తెలుసు గద. తెలిసి ఎట్ల పండుకుంట గా మంచం మీద? నాలుగు గంటలు గుండె కొట్టుకుంటనే ఉంటది."

"గా వంశీధర్‌రావుకు, నీకు ఏం ఫరక్ ఉన్నది మరి?"

"ఆయన తాళమేసి కూసున్నడు. నేను తాళమేస్తున్నానా? పోయేటోళ్లు పోతరు. నాది నా ఒక్కదాని మీదనే పడ్తది. ఇరవై ఆరు దినాలే గదయ్యా. నేను గట్టిగనే ఉంట."

గట్టిగా ఉంటానన్న మనిషి లేవడానికి గడప పట్టుకుంది. దశరథం చూశాడు, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. రచ్చ గెలిచాడు, ఇంట ఓడిపోయాడు. ఆమె మాటను కూడా వెలుతురుకు పట్టి చూడాలనుకున్నాడు, కానీ అది అవసరం లేదని అతనికి ముప్పై ఐదేళ్లుగా తెలుసు.

సోమవారం తెల్లవారుజామున కరీంనగర్ బస్సు కోసం ఇద్దరూ దవాఖాన గేటు ముందు నిలబడ్డారు. బస్టాపు అక్కడే. కేంద్రంలో అప్పుడే లైట్లు వేశారు. బంతిపూల దండ కింద నుంచి ఒకరి తర్వాత ఒకరు నలుగురు లోపలికి పోయారు. మమతారాణి తలుపు దగ్గర నిలబడి ఒకటో మంచం మనిషి కోసం రోడ్డు వైపు చూస్తోంది. దశరథం ఆమెకు కనబడకుండా స్తంభం చాటుకు జరిగాడు. బతుకులో మొదటిసారి అతనికి ఇంకొకరి చూపంటే సిగ్గేసింది.

శిలాఫలకం మీద గుడ్డ తీసేశారు. లైటు వెలుతురు నేరుగా దాని మీద పడుతోంది. చంద్రవ్వకు చదువు రాదు.

"కొత్తగ ఏం రాసిండ్రయ్యా దాని మీద?"

"తేదీ."

"ఏమని?"

అతను చదివి చెప్పాడు. ఆమె శాలువా సర్దుకుంది.

"గా దినం నేను యాడున్న?"

"కరీంనగర్ల."

"ఇయ్యాల్ల యాడికి పోతున్నం?"

బస్సు వచ్చి ఆగింది. దశరథం ఆమెను మెట్టు మీద రెండుసార్లు ఆపి, నడుం పట్టి ఎక్కించి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. కండక్టర్ వచ్చి చంద్రవ్వకు ఆడవాళ్ల ఉచిత ప్రయాణం జీరో టికెట్ కొట్టి, "నీకేడికి పెద్దమనిషి?" అని అతన్ని అడిగాడు.

"కరీంనగర్" అన్నాడు దశరథం.